పత్తికొట్లో అత్త పాడిన పాటలు

మొన్న మా మనవరాలు అన్నం తింటూ ఫోనులో ఏవో పాటలు పెట్టింది. నేను పక్కనే కూర్చుని గోంగూర ఒలుస్తున్నాను. ఎవరో మగాయన ముక్కుతో పాడుతున్నాడు. వెనకాల తీగల వాయిద్యం ఒకటి గబగబా పరిగెడుతోంది. పాటంతా పోపులో ఆవాలు చిటపటలాడుతున్నట్టు ఒకటే గరగర. నా చేతులు ఆగిపోయాయి.

"దీని తర్వాత ఒట్టి ఫిడేలు వస్తుంది చూడు. మనిషి పాడడు. మధ్యలో ఒకసారి ఎవరో 'హోయ్' అని అరుస్తారు" అన్నాను.

పిల్ల నవ్వి ఊరుకుంది. పాట అయిపోయింది. ఫిడేలు వచ్చింది. ఎవరో హోయ్ అని అరిచారు. పిల్ల ముద్ద చేతిలోనే పట్టుకుని నా వంక చూసింది.

"అమ్మమ్మా, ఇవి ఎప్పుడో మీ తాతల కాలంలో అమెరికా పల్లెటూళ్ళ వాళ్ళు పాడినవి. పాత రికార్డుల్లోంచి ఏరి ఒకచోట చేర్చిన సెట్టు ఇది. మా కాలేజీలోనే ఎవరికీ తెలియదు. నీకెలా తెలుసు?"

"దీని తర్వాత ఆడవాళ్ళంతా చప్పట్లు కొడుతూ పాడేది వస్తుంది" అన్నాను. అదీ వచ్చింది.

ఆ పూట పిల్లకి చెప్పగలిగినంత చెప్పాను. కానీ దానికి కళ్ళం అంటే తెలియదు, మైకుసెట్టు అంటే తెలియదు. ప్రతి మాటకీ ఆగి ఇంకో మాట చెప్పాల్సి వచ్చింది. అందుకే ఈసారి మొదటి నుంచీ చెబుతాను.

మాది గుంటూరుకీ ఒంగోలుకీ మధ్య నల్లరేగడి ఊరు. మా నాన్నకి పత్తీ మిరపా ఉండేవి. పత్తి తీత కార్తీకంలో మొదలయ్యేది. ధనుర్మాసం రాగానే మిరప కోతలు. కోసిన పండుకాయని ఇంటి వెనక కళ్ళంలో ఎండబోసేవాళ్ళు. ఆ నెలల్లో మా ఊరికి కొత్తగా వచ్చినవాళ్ళు బస్సు దిగగానే తుమ్మేవాళ్ళు. మాకు తుమ్ము వచ్చేది కాదు గానీ నిద్రలో కళ్ళు నులుముకుంటే మాత్రం ఇల్లంతా లేచేది. మంటకి వెన్నపూస రాసి నాయనమ్మ పక్కన కూర్చుని విసిరేది, తిట్టేది, మళ్ళీ విసిరేది. పొద్దున్నే చద్దన్నంలో పండుమిరపకాయ పచ్చడి. కోతలప్పుడు ఇంట్లో కూర వండటానికి ఎవరికీ తీరిక ఉండేది కాదు.

మా అత్త, అంటే నాన్నకి చెల్లెలు, ఆ ఏడు పత్తి మొదటి తీత రోజుల్లో వచ్చింది. ట్రంకుపెట్టె చేత్తో పట్టుకుని, బస్సు దిగి, ఎవరికీ కబురు లేకుండా నడిచి వచ్చింది. పుట్టింట్లో నాలుగు రోజులు ఉండి రమ్మని వాళ్ళ అత్తగారు పంపిందట. ఆ నాలుగు రోజులు మొదటి తీత అయ్యేదాకా సాగాయి, రెండో తీత అయ్యేదాకా సాగాయి. తీసుకెళ్ళటానికి ఎవరూ రాలేదు. పెళ్ళయి ఏళ్ళు గడిచినా పిల్లలు లేరు, అదీ సంగతి. ఆ మాట మా ఇంట్లో ఎవరూ పైకి అనేవాళ్ళు కాదు. అమ్మ మాత్రం అత్తకి అన్నం పెట్టేటప్పుడు నెయ్యి ఒక చుక్క ఎక్కువ వేసేది.

అత్త పొడుగ్గా ఉండేది. మాట తక్కువ. ఇంట్లో కూర్చోలేక కూలివాళ్ళతో పాటు కళ్ళంలోకి వచ్చి కాయ ఏరేది. మంచి ఎరుపు కాయ ఒక పక్క, తెల్లబడిన తాలుకాయ ఇంకో పక్క. "ఆసామి చెల్లెలు కూలోళ్ళ మధ్య కూర్చుంటదేంది?" అని ఊళ్ళో అన్నారు. నాయనమ్మ వినిపించుకోలేదు. "చేతులకి పనుంటే మనసుకి తీరికుండదు. కూర్చోనీ" అనేది.

మా కళ్ళానికి ముళ్ళకంచె అవతల మైకు మామ ఇల్లు. పెద్దవాళ్ళు ఆయన్ని సాయిబు అనేవాళ్ళు, పిల్లలం మాకందరికీ మైకు మామ. పెళ్ళికైనా పేరంటానికైనా, దసరాకైనా పీర్ల పండక్కైనా ఆయన సెట్టే. రెండు బాకాలు, ఒక యాంప్లిఫయరు, బ్యాటరీలు, పాటల ప్లేట్లు తిప్పే మిషను. పని లేని రోజుల్లో వాటిని వసారాలో పెట్టుకుని తుడుస్తూ, విప్పుతూ, బిగిస్తూ ఉండేవాడు. మేము కంచె సందులోంచి దూరి వెళ్ళి "హలో, హలో, మైక్ టెస్టింగ్" అని అరవటానికి వరసలో నిలబడేవాళ్ళం. ఒకసారి మా తమ్ముడు టెస్టింగ్ అనటానికి బదులు మా నాన్న చుట్టలు ఎక్కడ దాస్తాడో చెప్పేశాడు. అది బజారు దాకా వినిపించింది. ఆ సాయంత్రం వాడికి పడ్డ దెబ్బలు కూడా బజారు దాకా వినిపించాయి.

ఆ చలికాలం మైకు మామ గుంటూరు నుంచి ఒక అట్టపెట్టె తెచ్చాడు. అక్కడ ఆసుపత్రిలో నర్సులకి పాఠాలు చెప్పే అమెరికా దొరసాని ఒకామె ఉండేది. ఆమె ప్లేట్ల మిషను పాడైనప్పుడల్లా ఈయనే బాగుచేసేవాడు. ఆమె ఉద్యోగం మాని వాళ్ళ దేశం వెళ్ళిపోతూ, "ఇవి నీలాగా వినేవాడి దగ్గర ఉండాలి" అని ఆ పెట్టె ఈయన చేతిలో పెట్టిందట. అందులో పెద్ద నల్ల ప్లేట్లు, ఒక్కో దాని మీద రెండు వైపులా బోలెడు పాటలు.

మొదటిసారి పెట్టినప్పుడు కళ్ళంలో ఆడవాళ్ళందరూ పని ఆపారు.

"ఏందయ్యా సాయిబూ, ప్లేటు మాడిపోతంది!"

"మాడటం కాదమ్మా, పాతది. అంత పాతది" అన్నాడు కంచె అవతల నుంచి.

"ఆయనకి జలుబు చేసిందా? ముక్కుతో పాడుతున్నాడేంది?"

"వాళ్ళ పల్లెల్లో అట్టాగే పాడతారంట."

దొరసాని తెలుగు బాగా మాట్లాడేది. ఆమె తనకి చెప్పిందంతా మైకు మామ మాకు చెప్పాడు. అక్కడ ఒకప్పుడు ప్లేట్ల కంపెనీలవాళ్ళు మిషన్లు మోసుకుని చిన్న చిన్న పట్నాలకి వచ్చేవాళ్ళట. పాట వచ్చినవాళ్ళంతా రమ్మని కబురు పెడితే, రైతులు వచ్చారు, బొగ్గు గనుల్లోవాళ్ళు వచ్చారు, నూలు మిల్లుల్లోవాళ్ళు వచ్చారు, వీధుల్లో పాడుకునే గుడ్డివాళ్ళు వచ్చారు. నల్లవాళ్ళూ తెల్లవాళ్ళూ. ఒక పాటో రెండు పాటలో పాడి, మళ్ళీ వాళ్ళ పనుల్లోకి వాళ్ళు వెళ్ళిపోయారు. కొన్నాళ్ళకి ఆ ప్లేట్లు కొనేవాళ్ళు లేక అటకలెక్కాయి. తర్వాత ఎవరో పాత ప్లేట్లంటే పిచ్చి ఉన్నాయన వాటిల్లోంచి మంచివి ఏరి, ఒక వరసలో పెట్టి, ఈ పెట్టె చేయించాడట.

"పత్తి తీసేవాళ్ళు కూడా పాడారంట ఇందులో" అన్నాడు మైకు మామ.

ఆ మాటకి కళ్ళంలో పెద్ద గొడవ అయింది.

"అమెరికాలో కూలోళ్ళుంటారా?" అంది ఒకామె.

"ఉండకేం? అన్నం తినేవాళ్ళున్న చోటల్లా కూలోళ్ళుంటారు."

"పత్తి మిషన్లు తీస్తయ్యంటగా అక్కడ?"

"మిషన్లు రాకముందు ఎవరు తీశారే, నీ మొగుడు పోయి తీశాడా?"

అందరూ నవ్వారు. అత్త కూడా నవ్వింది. వచ్చిన తర్వాత ఆమె నవ్వటం నేను చూసింది అదే మొదలు.

ఆ తర్వాత రోజూ మధ్యాహ్నం ఆ ప్లేట్లే. మాటలు ఎవరికీ తెలియవు కాబట్టి ఆడవాళ్ళు వాటికి పేర్లు పెట్టారు. ముక్కాయన పాట, రైలు పాట, హోయ్ పాట, చర్చి పాట. ఒక ఆడమనిషి వాయిద్యం ఏదీ లేకుండా ఒక్కతే పాడేది ఒకటుంది, దాన్ని దుఃఖం పాట అన్నారు. అదేదో చంటిపిల్లని నిద్రపుచ్చే పాటే కావచ్చు, ఎవరికి తెలుసు? "ఈమె మొగుడు పోయాడు", "కాదు, బిడ్డ పోయింది" అని వాదించుకునేవాళ్ళు. అత్త వాదనలోకి వచ్చేది కాదు. ఆ పాట వచ్చినప్పుడు మాత్రం కాయలు ఏరే చెయ్యి నెమ్మదించేది.

మాఘమాసం పెళ్ళిళ్ళు మొదలయ్యాయి. మైకు మామ సామాను బండికెత్తుకుని పక్క ఊరి పెళ్ళికి వెళ్ళాడు. అమెరికా పెట్టె కూడా తీసుకెళ్ళాడు. బంతుల్లో అందరూ భోజనాల మీద ఉన్నప్పుడు ఏ పాట మోగుతుందో ఎవరూ పట్టించుకోరనీ, అప్పుడొకటి పెట్టుకుని తను వినొచ్చనీ ఆయన ఆశ. ఆ ఊళ్ళో పెళ్ళివారు బాకా ఈ చెట్టుకి కాదు ఆ చెట్టుకి కట్టమన్నారు, ఆ చెట్టుకి కాదు మేడ మీద పెట్టమన్నారు. ఆయన అవన్నీ ఎక్కి దిగేలోపు, ఎండలో విడిచిన బండి మీద పెట్టె అలాగే ఉండిపోయింది. మాఘం అన్న మాటే గానీ ఆ ఏడు ఎండ అప్పుడే ముదిరింది. తెరిచి చూస్తే ప్లేట్లన్నీ నూనెలో వేసిన అప్పడాల్లా వంకర్లు తిరిగి ఉన్నాయి.

మర్నాడు పొద్దున్నే వచ్చి మా గుమ్మంలో నిలబడ్డాడు. పెద్ద మనిషి, కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"పెద్దమ్మగారూ, ప్లేట్లు పోయినయ్యండి."

"పోతే పోయినయ్యిలే నాయనా. మనుషులెవరూ పోలేదుగా" అంది నాయనమ్మ. కానీ ఆయన మొహం చూసి ఊరుకోలేక, మా తిరగలి రాళ్ళు ఇచ్చింది. ప్లేట్లని రెండు పలకల మధ్య పెట్టి, పైన రాళ్ళు ఎత్తి, చాలా రోజులు ఉంచాడు. తీస్తే కాస్త చదునయ్యాయి గానీ ముల్లు మాత్రం గంతులు వేసి జారిపోయేది. ఇక ఆయన మిషను జోలికి పోలేదు. మధ్యాహ్నాలు కంచె అవతల చప్పుడు లేదు. కళ్ళంలో ఆడవాళ్ళకి కూడా ఏదో వెలితిగా ఉంది.

అలాంటి ఒక మధ్యాహ్నం, ఎవరో "ఆ ముక్కాయన ఎట్టా పాడేవాడే?" అన్నారు. ఒకామె పాడబోయి నవ్వులపాలైంది. అప్పుడు అత్త తల ఎత్తకుండానే, కాయలు ఏరుతూనే, అందుకుంది.

అది ముక్కాయన పాటే. ఆ మాటలు ఇంగ్లీషూ కావు, తెలుగూ కావు, చెవిన పడ్డవి పడ్డట్టు పలికింది. కానీ రాగం, విరుపు, మధ్యలో గాలి పీల్చుకునే చోటు, అన్నీ అవే. పాట అయిపోయింది. కంచె అవతల నుంచి మైకు మామ గొంతు వినిపించింది.

"తర్వాతది?"

అత్త ఉలిక్కిపడి ఆగిపోయింది. నాయనమ్మ వంక చూసింది. నాయనమ్మ ఆకూవక్కా నములుతూ, "అడుగుతున్నాడుగా. వస్తే పాడు" అంది.

తర్వాతది ఫిడేలు. అత్త దాన్ని "తారారీ" అంటూ నోటితో లాగించింది. సరైన చోట కళ్ళంలో ఆడవాళ్ళందరూ కలిసి హోయ్ అని అరిచారు. ఆ తర్వాతి చప్పట్ల పాట వదిలేసి రైలు పాట ఎత్తుకుంది. అందులో పాడే ఆయన ఏవో ఊళ్ళ పేర్లు గబగబా చదివేవాడు. అవి నోరు తిరగక అత్త బాపట్ల, చీరాల, వేటపాలెం అంటూ మన స్టేషన్ల పేర్లు పెట్టింది. రైలు ఒంగోలు చేరేసరికి కంచె అవతల మైకు మామ ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో మాకు తెలియలేదు.

ఆ చలికాలమంతా ఆమె కాయలు ఏరుతూ ఏం చేస్తోందో అప్పుడు అర్థమైంది. పెట్టెలో పాటలన్నీ, ఏ ప్లేటు తర్వాత ఏ ప్లేటో కూడా, ఆమెకి వచ్చేశాయి. రోజూ కొన్ని పాడేది. కళ్ళంలో పిల్లలం మేమూ పక్కన చేరి నేర్చుకున్నాం. ఆ వరస నా బుర్రలో పడింది అప్పుడే.

కొన్ని రోజులకి మైకు మామ కొత్తగా కొన్న టేపు రికార్డరు పట్టుకుని నాన్న దగ్గరికి వచ్చాడు.

"చెల్లెమ్మ పాడితే టేపులో ఎక్కించుకుంటానండి. మీ పత్తికొట్లో అయితే బాగుంటది. చుట్టూ పత్తి ఉంటే గొంతు గుంయ్‌మనకుండా నిలబడుద్ది."

నాన్న చుట్ట వెలిగించుకున్నాడు.

"సాయిబూ, నువ్వు మంచోడివే, కాదనను. కానీ మా చెల్లెలి గొంతు నీ టేపులోకెక్కితే రేపు అది యాడ మోగుద్దో నీకు తెలుసా, నాకు తెలుసా?"

"మైకులో పెట్టనండి. నా బిడ్డల మీద ఒట్టు."

"నువ్వు పెట్టవు. నీ వసారాలో కూర్చునే కుర్రాళ్ళు పెడతారు. దాని సంసారం అసలే గాల్లో ఉంది. వద్దులే."

మైకు మామ టేపు రికార్డరు చంకన పెట్టుకుని వెళ్ళిపోయాడు. అత్త తలుపు చాటున అంతా విన్నది. ఆ రోజూ మర్నాడూ కళ్ళంలో పాట లేదు.

ఉగాది దగ్గర పడుతుండగా అత్త అత్తవారింటి నుంచి మనుషులు వచ్చారు. మామయ్య రాలేదు. ఆయన అన్నగారూ, వాళ్ళ ఊరి పెద్దమనిషి ఒకాయనా వచ్చారు. అమ్మ కోడిని కోయించింది. నాటుకోడి కూర, గారెలు, పెరుగు. ఇన్ని నెలల తర్వాత వచ్చారు కదా అని నాన్న వాళ్ళ చేతులు కడగటానికి తనే నీళ్ళు పోశాడు. నాకూ తమ్ముడికీ గారెలు దొరికాయి కాబట్టి మాకు వాళ్ళ మీద సదభిప్రాయమే ఉండేది.

భోజనాలయ్యాక అన్నగారు గొంతు సవరించుకున్నాడు.

"అమ్మాయిని తీసుకెళ్దామని వచ్చాం బావా. మా అమ్మకి కాలూ చెయ్యీ పడిపోయి మంచంలో ఉంది. చూసేవాళ్ళు లేక ఇబ్బందిగా ఉంది."

"అయ్యో, ఎప్పటి నుంచి?" అంది నాయనమ్మ.

"నెలవుతుందండి."

పెద్దమనిషి అందుకున్నాడు. "ఒక్క మాటండి. మీ అమ్మాయి కళ్ళాల్లో కూలోళ్ళ మధ్య కూర్చుని ఏవో ఇంగ్లీషు పాటలు పాడుతుందని మా ఊరిదాకా వచ్చింది. సాయిబు కంచె అవతల నిలబడి వింటన్నాడంట. అయిందేదో అయింది. అక్కడికొచ్చాక అట్టాంటివి కుదరవు. ముందే చెప్పటం మంచిది."

నాన్న తల వంచుకున్నాడు. అప్పుడు తలుపు చాటు నుంచి అత్త గడప దాటి వచ్చింది. మొహం కడుక్కుని, బొట్టు దిద్దుకుని ఉంది.

"మీ తమ్ముడుగారు రాలేదేం బావగారూ?"

"వాడికి తీరిక లేదమ్మా. మిల్లుకి లోడు వెళ్ళాలి."

"అత్తయ్యగారు మంచాన పడకపోతే వచ్చేవాళ్ళా మీరు?"

ఆయన నాన్న వంక చూశాడు.

"ఆమెకి సేవ చెయ్యటానికి నాకు బాధ లేదు" అంది అత్త. ఆమె గొంతు పెరగలేదు. "ఆమె నాకు తలంటి పోసిన రోజులున్నాయి. కానీ మనిషిని కావాలని పిలవాలి. ఆయన్నే వచ్చి ఒక్కసారి రమ్మని అడగమనండి. ఆయన నోటితో రమ్మంటే ఈ పూటే వస్తాను. పాటలు కూడా మానేస్తాను."

"ఇంత పట్టుదల ఆడదానికి పనికిరాదు" అంటూ పెద్దమనిషి కండువా దులుపుకుని లేచాడు.

వాళ్ళని బస్సు దాకా సాగనంపటానికి నాన్న వెళ్ళాడు. నేను వెనకాల పరిగెత్తాను. బస్సు దుమ్ము దూరంగా కనిపిస్తుండగా అన్నగారు, పక్కన ఉన్నాయనతో అన్నట్టుగా, నాన్నకి వినపడేలా అన్నాడు.

"గొడ్డుపోయిన ఆవుకి పొగరెక్కువ."

నాన్న నడుస్తున్నవాడల్లా ఆగిపోయాడు. ఆయన కొడతాడేమోనని నేను భయపడ్డాను. కొట్టలేదు. "బస్సొస్తంది, ఎక్కండి" అని, అది వచ్చే లోపే వెనక్కి తిరిగాడు. ఇంటికొచ్చిన మనిషిని బస్సెక్కించకుండా నాన్న తిరిగి రావటం నేనెప్పుడూ చూడలేదు. దారిలో నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు, నొప్పి పుట్టేంత గట్టిగా.

ఇంటికి రాకుండా తిన్నగా మైకు మామ ఇంటి ముందు ఆగాడు.

"సాయిబూ, నీ టేపు పనిచేస్తందా?"

"చేస్తందండి."

"వచ్చే వారం పత్తి మిల్లుకి తోలుతున్నా. ఆ లోపే కానివ్వండి."

అంతే అన్నాడు. ఇంట్లో అత్తతో ఏమీ అనలేదు. ఆ రాత్రి అమ్మే చెప్పినట్టుంది.

ఒక మధ్యాహ్నం పత్తికొట్టు తెరిచారు. నేల నుంచి వాసాల దాకా పత్తి. గుమ్మం దగ్గర నలుగురు కూర్చునేంత చోటు చేశారు. లోపల ఉక్క, పత్తిగింజల నూనె వాసన, మాట్లాడితే మాట నోటి ముందే పడిపోయినట్టు వింతగా ఉండేది. బోర్లించిన గంప మీద టేపు రికార్డరు పెట్టి మైకు మామ బ్యాటరీ తీగలు కలిపాడు. నాయనమ్మ విసనకర్రతో గుమ్మంలో కూర్చుంది. నన్ను గట్టిగా ఊపిరి కూడా తీయొద్దని పత్తి మీద కూర్చోబెట్టారు. నాన్న బయట కర్ర పట్టుకుని కాకుల్నీ మేకల్నీ తోలుతూ కాపలా కాశాడు. తను విననట్టే ఉన్నాడు.

"మీరు అటు తిరిగి కూర్చోండి అన్నయ్యా" అంది అత్త. మైకు మామ గోడ వైపు తిరిగి కూర్చున్నాడు.

అత్త మొదలుపెట్టింది. మొదట గొంతు వణికింది. రెండో పాటకి సర్దుకుంది. ప్లేటు వరస తప్పకుండా ఒకదాని తర్వాత ఒకటి. పత్తి దూది గొంతులోకి వెళ్ళి దగ్గు వస్తే ఆగి, మజ్జిగ తాగి, మళ్ళీ పాట మొదటికి వెళ్ళేది. మధ్యలో నాయనమ్మ "ఇంకా ఎన్నున్నయ్యే తల్లీ?" అంది. అదీ టేపులోకెక్కింది.

ఆడవాళ్ళు చప్పట్లు కొడుతూ పాడే పాట దగ్గర అత్త రెండు మాటలు పాడి ఆపేసింది.

"ఇది ఒక్కదాన్నే పాడితే రాదు."

మైకు మామ మీట నొక్కి ఆపాడు. నాయనమ్మ లేచి గుమ్మంలోంచే కళ్ళం వైపు కేక వేసింది.

"ఏమే, అందరూ ఇట్టా రండి! చేతులు కడుక్కోబాకండి, పొద్దుపోతంది!"

కాయ ఏరుతున్న ఆడవాళ్ళంతా కొంగులు దులుపుకుంటూ వచ్చి పత్తి మీద కూర్చున్నారు. ఎర్రటి చేతులు, తెల్లటి పత్తి. వంటింట్లోంచి అమ్మ కూడా వచ్చింది. అమ్మ పాడటం అంతకు ముందు నేను వినలేదు. అత్త ఎత్తుకుంది, వీళ్ళు అందుకున్నారు. ఆ చప్పట్లకి ఘాటు లేచి ఒకరి తర్వాత ఒకరు తుమ్మారు. ఎవరూ ఆగలేదు. కళ్ళ వెంట నీళ్ళు కారుతుండగా పాడారు. బయట నాన్న కర్ర చప్పుడు ఆగిపోయింది.

అంతా అయ్యాక మైకు మామ టేపు వెనక్కి తిప్పి వినిపించాడు. అత్త తన గొంతు తను వినటం అదే మొదలు. నోటి మీద చెయ్యి పెట్టుకుని విన్నది.

"ఇంత గట్టిగా పాడతానా నేను?" అంది.

వారం తిరిగేసరికి పత్తి బండ్లు చిలకలూరిపేట వెళ్ళాయి. వాటి వెనకే వెళ్ళి వచ్చిన పాలేరు, అక్కడ నూలు మిల్లులో ఆడవాళ్ళని పనిలోకి తీసుకుంటున్నారని చెప్పాడు. ఆ సాయంత్రం నాన్న కాళ్ళు కడుక్కుంటుంటే అత్త తువ్వాలు పట్టుకుని పక్కన నిలబడింది.

"అన్నయ్యా, నేను మిల్లుకి పోతా."

"అక్కడ నీకెవరున్నారమ్మా?"

"ఇక్కడ మీరంతా ఉన్నారుగా. అక్కడ పనుంటది."

నాన్న కాదనలేదు. మా ఇళ్ళలో ఆడమనిషి మిల్లు పనికి వెళ్ళటం అంతకు ముందు లేదు. చుట్టాలు కొందరు చాలాకాలం మాట్లాడలేదు. ట్రంకుపెట్టె ఈసారి నాన్న భుజాన పెట్టుకుని ఆమెను బస్సెక్కించి, తనూ ఎక్కి, మిల్లు దగ్గర గది చూసి, పొయ్యి కొనిపెట్టి వచ్చాడు.

మామయ్య రాలేదు. ఇంకో పెళ్ళి చేసుకున్నాడని తెలిసినప్పుడు అత్త, "అత్తయ్యగారు బతికే ఉందా?" అని మాత్రం అడిగింది. పోయిందంటే, ఆ పూట అన్నం మానేసింది.

మైకు మామ మాట తప్పలేదు. ఆ టేపు బాకాలో ఎప్పుడూ పెట్టలేదు. మధ్యాహ్నాలు తన వసారాలో చిన్నగా పెట్టుకుని వినేవాడు. తిరిగి తిరిగి అది ఒకనాడు మిషనులో చిక్కుకుని ముక్కలైంది. అప్పటికి ఆయనకీ పెద్దతనం వచ్చింది. ఇప్పుడు వాళ్ళ మనవళ్ళు డీజే బాక్సులు నడుపుతున్నారు. కళ్ళాలూ పోయాయి, చేలోనే పట్టాల మీద ఆరబోసి కాయని తిన్నగా గుంటూరు కోల్డ్ స్టోరేజీకి తోలుతున్నారు. ఏరేచోట ఎవరి చెవుల్లో వాళ్ళ ఫోను పాట.

అత్త మిల్లులోనే పనిచేసి, మిల్లులోనే రిటైరైంది. పిల్లల్ని కనలేదు గానీ పక్కగదిలో ఉండే ఆవిడ కూతుర్ని చదివించి పెళ్ళి చేసింది. ఆ పిల్లే చివరిదాకా చూసింది. మర మోతకి అత్త చెవులు పోయాయి. చివరి ఏళ్ళలో పక్కనే బస్సు హారను కొట్టినా తిరిగి చూసేది కాదు.

ఆఖరుసారి నేను వెళ్ళినప్పుడు గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయలు తుంపుతూ పాడుకుంటోంది. నేను వచ్చింది చూసుకోలేదు. అది వాయిద్యం లేకుండా ఆడమనిషి ఒక్కతే పాడే పాట. తన పాట తనకి వినపడదు కాబట్టి రాగం ఎటో పోతోంది, ఒకచోట మరీ పైకి, ఒకచోట అసలు గొంతే లేదు. గాలి పీల్చుకునే చోట మాత్రం సరిగ్గా ఆగి, పీల్చుకుని, మళ్ళీ అందుకుంటోంది.

నన్ను చూసి ఆపేసి నవ్వింది. "సరిగ్గానే ఉందా కోడలుపిల్లా?" అని గట్టిగా అడిగింది.

ఉందని తల ఊపి, పక్కన కూర్చుని, నేనూ కొన్ని కాయలు ఒళ్ళోకి తీసుకున్నాను. ఆమె మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకుంది.